వందో రోజు పాట

ఓడ దిగిన మనిషి పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం బయటికి రావడం లేదు.

ఇసుకలో ఆడుకునే పిల్లలు ముందు చూశారు. చూసి ఇళ్ళకు లగెత్తారు.

"అంబ్రిమ్ మనిషి వచ్చాడు! ఏదో మంత్రం చదువుకుంటూ వస్తున్నాడు!"

మా ఎమాయ్ దీవిలో అంబ్రిమ్ మనిషి అంటే చాలు, ఎంత మొనగాడైనా తలుపు వేసుకుంటాడు. చేతబడికి ఆ దీవి పెట్టింది పేరు. ఊరు ఊరంతా తిన్న అరటి తొక్కలూ, మిగిలిన పెండలం ముక్కలూ ఏరి సముద్రంలో పారేసింది. ఎంగిలి దొరికితే ప్రాణం దొరికినట్టే వాళ్ళకి.

అందులోనూ అది కల్మెట్ పోయిన వందో రోజు.

కల్మెట్‌కి ఇరవై రెండేళ్ళు. చిన్న గిటారులాంటి ఉకులేలే పట్టుకుని వాడు గొంతెత్తితే పడవల్లో వలలు లాగేవాళ్ళు చేతులు ఆపేసేవారు. మా బాండు పాటలన్నీ వాడు కట్టినవే. వీలా పట్నానికి పాటల పోటీకి వెళ్ళి, దగ్గుతూ ఆసుపత్రిలో చేరి, మళ్ళీ రాలేదు. ఆనాటి నుంచి ఊళ్ళో ఎవరూ పాడలేదు. వందో రోజు మగవాళ్ళు గడ్డాలు గీసుకుని, పెండలం తురిమి ఆకుల్లో కాల్చే లాప్‌లాప్ వండి పంచుకున్నాకే పాట నోట పట్టాలి. అది మా ఆచారం.

వాడి తల్లి లెయిమారాకి మిగిలింది ఒక్కతే కూతురు, పద్నాలుగేళ్ళ లెయిటౌ. అన్న గొంతే దానిదీ. అందుకే ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు.

మేనమామ కలోరిబ్ చెప్పిన మాట అలాంటిది.

"నన్ను లోపలికి పోనివ్వలేదు చెల్లీ. గాజు కిటికీలోంచి చూశాను. అంబ్రిమ్ వాడొకడు రోజూ మనవాడి మొహం మీదకి వంగేవాడు. గొంతు లాగేశాడు. రుచి మరిగినవాడు ఒక్కరితో ఆగడు."

ఇప్పుడు ఒక అంబ్రిమ్ మనిషి గుమ్మం ముందు నిలబడ్డాడు. చిక్కి సగమై ఉన్నాడు.

"కల్మెట్ ఇల్లు ఇదేనామ్మా?"

"కాదు," అంది లెయిమారా. కూతుర్ని గదిలోకి తోసింది.

"నా పేరు మాసింగ్. వాడికో చెల్లెలుందట. ఆ పిల్ల చెవిలో ఒక పాట చెప్పాలి. చెప్పేసి పోతాను."

లెయిమారా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవరు చెప్పమన్నారు?"

"కల్మెట్."

"చచ్చినవాడు చెప్పాడా?"

"బతికుండగానే చెప్పాడమ్మా. వందో రోజునే చెప్పమన్నాడు. చెల్లెలి కంటే ముందు ఇంకెవరూ వినకూడదన్నాడు."

ఇంతలో కలోరిబ్ కత్తి పట్టుకుని ఉరికొచ్చాడు. గడ్డం సగమే గీసి ఉంది.

"వీడే! కిటికీలోంచి చూసింది వీణ్ణే!"

"అవునయ్యా, నేనే. నువ్వు మేనమామవి కదూ? అవతల నిలబడి ఏడ్చేవాడివి."

"నోర్ముయ్! దమ్ముంటే అందరి ముందూ పాడు."

"పాడలేనయ్యా. మాటిచ్చాను."

"విన్నావా చెల్లీ! చెవిలో ఊదాలట!"

మాసింగ్ చాలాసేపు దగ్గాడు.

"అమ్మా, కావాలంటే నా చేతులు కట్టెయ్యండి. ఆ పిల్లని ఒక్కసారి పిలువు."

"నేను వింటానమ్మా," అంది లోపల్నుంచి లెయిటౌ.

ఆ మాటతో లెయిమారాకి మతి పోయినంత పనైంది. వెళ్ళి మాసింగ్ కాళ్ళ మీద పడింది.

"నీకు దండం పెడతాను. ఒకణ్ణి తీసుకున్నావు. దీన్ని వదిలెయ్."

మాసింగ్ రెండడుగులు వెనక్కి వేశాడు. తనను చూసి ఒక తల్లి అంతగా వణకడం అతను తట్టుకోలేకపోయాడు.

"లేమ్మా. పోతున్నాను."

కొబ్బరి మూటలు ఎక్కించుకుని ఓడ కదిలేదాకా కలోరిబ్ కత్తి దించలేదు. ఓడ అంచున కూర్చున్న మాసింగ్ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఒడ్డున ఆడవాళ్ళు పిల్లల చెవులు మూశారు.

విందు జరిగింది గాని, పాడే ధైర్యం ఎవరికీ రాలేదు. లెయిమారా మూడు వారాల పాటు పదేపదే కూతురి నుదురు తాకి చూసుకుంది. జ్వరం రాలేదు. తరిమేశాం కాబట్టి బతికిపోయామనుకుంది ఊరు.

తర్వాతి ఓడలో లెయివియా దిగింది. మా ఊరి పిల్లే, వీలా ఆసుపత్రిలో నర్సు. దిగుతూనే లెయిటౌని పట్టుకుంది.

"ఏదే, పాడు మీ అన్న పాట! వింటేగాని ఇంటికి పోను."

"ఏ పాట అక్కా?"

"అదేంటి? మాసింగ్ రాలేదా?"

కలోరిబ్ నసిగాడు. "వచ్చాడు. తరిమేశాం. వాడు మనవాడి మీదకి వంగి..."

"వంగకపోతే ఎలా వినబడుతుంది మామా? కల్మెట్‌కి అప్పటికే గొంతు పోయింది. చెల్లి కోసం కట్టిన పాట రోజుకో ముక్క గుసగుసగా చెప్పేవాడు. ఈయన చెవి దగ్గర పెట్టి నేర్చుకునేవాడు. లారీ తోలుకునేవాడు, పాటంటే ఏం తెలుసు పాపం? మరిచిపోతానేమోనని నిద్రలో కూడా పెదవులు కదిపేవాడు."

లెయిమారా లేచింది.

"తప్పు చెల్లించడానికి పందీ, చాపలూ తీసుకుని ఇప్పుడే పోదాం. కాళ్ళు పట్టుకుంటాను. ఎక్కడుంటాడు?"

"పోయిన ఆదివారం వాళ్ళ ఊళ్ళో పోయాడని కబురొచ్చింది పిన్నీ. పని పూర్తి చేసుకునే పోయాడనుకున్నాను."

"పాట ఇంకెవరికైనా చెప్పాడా?" కలోరిబ్ అడిగాడు.

"నాకైనా చెప్పమని బతిమాలాను. మాటిచ్చానన్నాడు."

లెయిటౌ అడిగింది. "మా అన్నకి ఏమవుతాడక్కా ఆయన?"

"ఏమీ కాడే. పక్క మంచం మనిషి. అదే జబ్బు. వారం కూడా బతకడని మేమంతా అనుకున్నవాడు, నీకా పాట చెప్పాలని వందో రోజు దాకా ఊపిరి నిలబెట్టుకున్నాడు."