ఆ యింగ్ అవ్వ చుట్టిన ముడి

పెళ్ళిచూపులకు అయిదింటికి వస్తామన్నారు. మూడు దాటినా ఇందిర జీన్స్ ప్యాంటుతో కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు.

"ఏమే, తలైనా దువ్వుకుంటావా, ఆ పిచ్చుకగూటితోనే కూర్చుంటావా?" అంది తల్లి రత్నమ్మ.

"అమ్మా, పెళ్ళి వద్దన్నాను కదా! డిసెంబరు లోపల ఈ ప్రోగ్రాములన్నీ సరిచెయ్యకపోతే, రెండు వేల సంవత్సరం రాగానే మా బాసు గుండె ఆగిపోతుంది."

"నీకు పెళ్ళి కాకపోతే నా గుండె ఆగుతుంది. ఎవరి గుండె కావాలో చూసుకో."

"మా టీములో షాంఘై పిల్ల లిన్ ఉంది చూడు. వాళ్ళ అమ్మమ్మకి చిన్నప్పుడే పాదాలు కట్టేసి నడవకుండా చేశారంట. విప్లవం వచ్చాక వాళ్ళమ్మ ట్రాక్టరు నడిపిందంట. లిన్ ఒక్కతే ఇంత దూరం సింగపూరు వచ్చి ఉద్యోగం చేస్తోంది. మనమే ఇంకా పెళ్ళిచూపుల దగ్గరున్నాం."

"ట్రాక్టరు నడిపినావిడ పెళ్ళి చేసుకుందా లేదా? లేకపోతే నీ లిన్ ఆ ట్రాక్టరులోంచి దిగిందా?"

ఇందిరకు నవ్వొచ్చింది గాని లేవలేదు.

రత్నమ్మకు ఎదురు ఫ్లాటులోని ఆ యింగ్ అవ్వ గుర్తుకొచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. తెల్ల చొక్కా, నల్ల పైజామా, నూనె రాసి నున్నగా చుట్టిన ముడి. ఆ ఇంటాయన, ఆయన భార్య ఆమె గీసిన గీటు దాటరు. ఇంటాయన తల్లే అయివుంటుంది, మొగుడు పోయాడు కాబట్టి తెలుపు కడుతోంది అనుకుంది రత్నమ్మ. చైనాలో విప్లవం రాకముందే ఓడెక్కి వచ్చిన పాతకాలపు మనిషి. ఆడపిల్లకు బుద్ధి చెప్పడానికి ఇంకెవరు కావాలి? పైగా అవ్వకు మలాయి భాష వచ్చు. మలేసియాలో పుట్టి పెరిగిన రత్నమ్మకూ వచ్చు. వెంటనే ఎదురింటికి వెళ్ళింది.

"అవ్వా, నా కూతురు పెళ్ళి వద్దంటోంది. నువ్వే దానికి తల దువ్వి, నీలాగా ముడి చుట్టి పంపించు."

అవ్వ కోస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. "నాలాగానా? తల్లివి, నువ్వే అడుగుతున్నావా?"

"తల్లి కాక ఇంకెవరడుగుతారు?"

"నాకు ముడి వేసిననాడు మా అమ్మ అన్నం మానేసి ఏడ్చింది."

"సంతోషంతోనేలే అవ్వా."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "కాలం బాగా మారింది," అంటూ దువ్వెన కోసం లేచింది.

సంగతి వినగానే ఇందిర తల తిప్పింది. "ఆ యింగ్ అవ్వ ముడి వేస్తుందా? నువ్వే అడిగావా?"

"నేనే."

"తర్వాత మాట మార్చవు కదా?"

"ఎందుకు మారుస్తానే?"

ఇందిర కంప్యూటర్ ఆపేసి ఎదురింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒక్క వెంట్రుక చెదరని ముడితో ఉంది. రత్నమ్మ మెటికలు విరిచింది.

"అవ్వ ఏమంది?"

"దేవత బొమ్మ ముందు కూర్చోబెట్టి, మనసు గట్టిదేనా అని అడిగింది. గట్టిదే అన్నాను."

"నా తల్లే!"

పట్టుచీర కూడా పేచీ లేకుండా కట్టుకుంది.

బుకిట్ బటోక్ పేట నుంచి పెళ్ళికొడుకు కేశవ్, అతని తల్లి కొండమ్మ వచ్చారు. వాళ్ళూ మలేసియా తెలుగువాళ్ళే.

"కంప్యూటర్ పిల్ల అంటే భయపడ్డాను వదినగారూ. ఎంత కుదురుగా ఉందో!" అంది కొండమ్మ.

"అంతా పెంపకం," అని రత్నమ్మ అంటుండగా తలుపు చప్పుడైంది. పళ్ళెం నిండా నారింజ పళ్ళతో ఆ యింగ్ అవ్వ వచ్చింది.

"ఇదిగో, ఈ అవ్వే మా పిల్లను ముస్తాబు చేసింది," అని రత్నమ్మ గర్వంగా చూపించింది.

అవ్వ పళ్ళెం ఇందిర చేతికిచ్చి, కొండమ్మ వైపు తిరిగి, అందరికీ తెలిసిన ఆ మలాయిలోనే అంది:

"మీరూ ఈ ముడి పండక్కేనా? ఈ పిల్ల వయసులో నేనూ ఇలాగే దేవత ముందు ముడి వేయించుకుని, జన్మలో పెళ్ళి చేసుకోనని ఒట్టు పెట్టాను, మా ఇంటాయనతో సహా ఊరివాళ్ళ పిల్లల్ని పెంచుకుంటూ హాయిగా బతికాను. కాని కన్నతల్లే అడిగి మరీ కూతురి చేత ఒట్టు పెట్టించడం మాత్రం ఇదే చూడ్డం!"