తెల్ల కాగితం మీద సంతకం

చేరిన రోజే ఆ ముసలావిడ సూపర్‌వైజర్‌తో పేచీ పెట్టుకుంది.

"ఇందులో ఏమీ రాసి లేదే నాయనా. దేనికి సంతకం?"

"అందరూ పెట్టిందే. నువ్వూ పెట్టు."

"రాసింది చూపించు, పెడతాను."

చొక్కాలు కుట్టే ఆ హాల్లో పనికి చేరిన ప్రతి మనిషీ ఒక తెల్ల కాగితానికి అడుగున సంతకం చేయాలి. పైన ఏం రాస్తారో, ఎప్పుడు రాస్తారో యజమాని ఇష్టం. కుట్టాక మిగిలిన దారపు పోగులు కత్తిరించే చేతులకు కరువొచ్చిన రోజులు కనుక, సూపర్‌వైజర్ పళ్లు కొరుక్కుని సంతకం లేకుండానే ఆవిడను లోపలికి పంపాడు.

ఆ హాల్లో ఎవరికీ సొంత పేరు మిగలలేదు. ఏ ముక్క కుడితే ఆ పేరే. కాలర్లు కుట్టే మనిషి కాలరమ్మ. ఆమె పక్క మిషను జేబులమ్మ. కొత్తగా వచ్చినావిడ పోగులమ్మ అయింది.

భోజనాల వేళ పోగులమ్మ ఒక్కొక్కరి పక్కనే చేరి కూర్చునేది.

"నీ చేత కూడా ఖాళీ కాగితం మీదే పెట్టించారా తల్లీ?"

జేబులమ్మ నవ్వింది. "ఏం పెద్దమ్మా, జనాభా లెక్కలకొచ్చావా?"

"రేపు ఎవరైనా అడిగితే, ఖాళీగానే ఉందని చెబుతావా?"

జేబులమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే కాలరమ్మ జేబులమ్మ చెవి కొరికింది.

"యజమాని పంపిన మనిషి. ఎవరు నోరు జారతారో చూసి ఉప్పందించడానికి."

కాలరమ్మకు అప్పటికి నాలుగో నెల. కడుపు కనిపించిన మనిషి ఆ హాల్లో మరుసటి వారం కనిపించదు. మంచాన పడిన తల్లిని పోషించేది ఆమె రెండు చేతులే. అందుకే వదులు కోటు వేసుకుని దాచుకుంటోంది.

"ఎన్నో నెల?" అని ఒకనాడు పోగులమ్మ గొంతు తగ్గించి అడిగింది.

కాలరమ్మ కోటు ముందుకు లాక్కుంది. "నీకెందుకు?"

"దాచకు. కాగితం మీద రాసిచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకో. కడుపుతో ఉన్న మనిషిని తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కాన్పు సెలవు నీ హక్కు. వాళ్లు వేసే భిక్ష కాదు."

"నీ నీతులు నీ దగ్గరే ఉంచుకో."

తన గుట్టు పైకి చేరేలోగా తానే ముందు వెళ్లాలనుకుంది కాలరమ్మ. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ ముందు నిలబడింది.

"సార్, ఆ ముసలిది కాగితాల సంగతి తీసి అందర్నీ కెలుకుతోంది."

మూడేళ్లలో మొదటిసారి అతడు ఆమెకు కుర్చీ చూపించాడు. ఒక కాగితం మీద చకచకా రాసి ముందుకు తోశాడు. 'ఈమె అబద్ధాలు పుట్టించి పనివాళ్లను రెచ్చగొడుతోంది. ఈమె మాట నమ్మదగినది కాదు.'

ఈసారి కాగితం ఖాళీగా లేదు. కాలరమ్మ చదివింది. చదివే పెట్టింది.

మర్నాడు అందరూ చూస్తుండగా పోగులమ్మను బయటికి నడిపించారు. ఒక్క మిషనూ ఆగలేదు. ఒక్క తలా లేవలేదు. ఆవిడ మాత్రం కాలరమ్మ దగ్గర ఒక్క క్షణం నిలబడింది.

"రాసివ్వడం మరచిపోకు తల్లీ."

కాలరమ్మ తర్వాతి కాలరు మిషను కిందికి తోసింది. రాసి మాత్రం ఇవ్వలేదు.

రెండు నెలలకు కోటు కూడా దాచలేకపోయింది. సూపర్‌వైజర్ ఒక కాగితం తీసి చూపించాడు.

"నువ్వే రాజీనామా ఇచ్చావుగా. నీ సంతకమేగా ఇది?"

మూడేళ్ల నాటి సంతకం పైన సిరా ఆరీ ఆరని వాక్యం: 'సొంత కారణాల వల్ల పని మానుకుంటున్నాను.'

కాలరమ్మ ఫిర్యాదు పట్టుకుని వెళితే కార్మిక శాఖ అధికారిణి అంతా విన్నది.

"ఇలాంటి రాజీనామా చెల్లదమ్మా. కోర్టు తీర్పు ఉంది. కాగితాలు ఖాళీగా ఉన్నాయని చెప్పే సాక్షి ఒక్కరుంటే చాలు."

కాలరమ్మ గడప గడపా తొక్కింది.

"నాకూ పిల్లలున్నారు వదినా," అని జేబులమ్మ తలుపు సగమే తెరిచింది.

"ఆ రోజు నేను కళ్లజోడు పెట్టుకోలేదు, ఏం చూశానని చెప్పను?" అంది కాజాలు కుట్టే మనిషి.

విచారణ రోజున ఒంటరిగా వెళ్లిన కాలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎవరూ పిలవకుండానే వచ్చి, లోపల బల్ల మీద పోగులమ్మ కూర్చుని ఉంది.

"నేనున్న రోజుల్లో చేరిన ఐదుగురి చేతా ఖాళీ కాగితాల మీదే పెట్టించారు. కళ్లారా చూశాను," అని ఆవిడ తడుముకోకుండా చెప్పింది.

యజమాని తరఫు లాయరు తాపీగా లేచి ఒక కాగితం అందించాడు.

"ఈ సాక్షి మాట నమ్మదగినది కాదని ఫిర్యాదుదారే సంతకం చేసిచ్చింది మేడం."

అధికారిణి కాలరమ్మ వైపు చూసింది. "ఇది కూడా ఖాళీగా ఉండగానే పెట్టావా?"

కాలరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అయితే ఈవిడ సాక్ష్యం నిలవదు. ఇంకొకరిని తెచ్చుకో. అప్పటిదాకా కేసు ఇలాగే ఉంటుంది."

పోగులమ్మ లేచింది. చెప్పులు తొడుక్కుని మెల్లగా మెట్లు దిగింది.

లాయరు కూడా వెళ్లిపోయాక కాలరమ్మ అడిగింది.

"ఎవరండీ ఆవిడ? నేనంత చేసినా నా కోసం ఎందుకొచ్చింది?"

అధికారిణి తీర్పు నకలును ఆమె ముందుకు జరిపింది.

"పాతికేళ్ల కింద ఇలాంటి కాగితంతోనే తనను గెంటేస్తే కొట్లాడి ఈ తీర్పు తెచ్చిన మనిషి ఆవిడే, ఒక్క సాక్షి దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టిందట, అందుకే మరొకరికి అన్నేళ్లు పట్టకూడదని, ఖాళీ కాగితాలు పెట్టించే హాలు ఎక్కడుందో తెలిస్తే అక్కడికి వెళ్లి పోగులు కత్తిరించడానికి చేరుతుంది."