ఫ్లెక్సీ కింద పంచాయితీ

మా కోడలు రేహానా ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఇనప కంచె లోపల కొట్టుకునే కేజ్ ఫైటింగ్‌కి దిగి, పంతొమ్మిది సెకన్లలో ఓడిపోయింది. మర్నాడు తాడేపల్లిగూడెంలో ఆమె ఫ్లెక్సీ కిందే అభిమానులు పంచాయితీ పెట్టారు.

“కాలు జారిందండీ, లేకపోతేనా!”

“కాలు కాదండీ, వయసు. ఫ్లెక్సీ దింపేద్దాం. మన పరువు పోతోంది.”

“ఫ్లెక్సీలో కింద వరసగా ఉన్న మీ ముఖాలు కత్తిరించుకుని పట్టుకెళ్లండి. పరువు మిగులుతుంది,” అన్నాను.

“అత్తగారు కదా, ఇక మానెయ్యమని మీరైనా చెప్పండి మామ్మగారూ!”

అంతలో రేహానా వాచిన కంటితో నిచ్చెన మోసుకొచ్చింది. తనే దింపేస్తుందనుకుని అందరూ పక్కకి జరిగారు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

ఆమె ఎక్కి, ఫ్లెక్సీలో ఉన్న ఓడిన పోటీ తేదీ మీద కొత్త పోటీ తేదీ కాగితం అంటించింది. పొద్దున్నే కూర్చుని ఆ పెద్దక్షరాలు రాసింది నేనే.