మొదట పిలిచిన పేరు

రత్న కుడి బుగ్గ బూరెలా పొంగింది. నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు.

తల్లి అప్పలనర్సమ్మ ఆమెను పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లింది.

"జ్ఞానదంతం. చిగుళ్ల లోపల అడ్డంగా పడుకుంది. కోసి తీయాలి," అన్నారు అక్కడ.

"ఎంతవుతాది బాబూ?"

"ఒక్కటే అయితే ఎనిమిది వేలు. మత్తిచ్చి నాలుగూ ఒకేసారి తీయించుకుంటే నలభై దాటుతుంది. అదే మంచిది."

"నొప్పెట్టని పళ్లు కూడా ఎందుకు బాబూ?"

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

మొగుడు పోయాక ఒక్కర్తే కాఫీ తోట చూసుకుంటూ, చోళ్లు పండిస్తూ రత్నని డిగ్రీ దాకా చదివించింది. ఎవరి ముందూ తల వంచలేదని ఆమెకు గర్వం.

ఊరు చేరేసరికి పక్కింటామె చెప్పింది. "కొండ మీద సర్కారు ఆసుపత్రికి పళ్ల డాక్టరు వచ్చేడంట. రేపే మొదలెడతారంట."

తెల్లారగానే హుకుంపేటలో జీపెక్కారు.

ఆసుపత్రి వరండా నిండా జనం. గుమ్మం పక్కనే ఒక ముసలాయన దవడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

నర్సు డాలీ తలుపు తీసి నవ్వుతూ పిలిచింది.

"సోంబరు తాతా, రా. నువ్వే ముందు."

అప్పలనర్సమ్మకి ఒళ్లు మండింది.

"ఇంతమంది సూత్తంటే ఆడికే ముందేటి? ఎవుల సుట్టం?"

ముసలాయన వినిపించుకోలేదు. రత్న వైపే చూస్తున్నాడు.

"గుంటకి జొరముందా?"

"రేత్రి నుంచి కాలిపోతంది. నీకేటి?"

"నీళ్లు మింగుతందా?"

"మింగలేకపోతంది."

ఆయన గబుక్కున లేచి గుమ్మం వదిలాడు.

"డాలీ, ఈ గుంటని లోపలికి తీసుకెళ్లు. బేగి."

"తాతా, మొదట నువ్వే కూర్చోవాలని అందరూ..."

"బేగి అన్నాను కదా!"

అప్పలనర్సమ్మ కదల్లేదు. "మాకు ఎవుల దయా అక్కర్నేదు. మా వరస వచ్చినప్పుడే ఎల్తాం."

"నువ్వు ఆగగలవు. దాని గొంతు ఆగదమ్మా."

ఆ మాటకి ఆమె కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అయినా పౌరుషం చావలేదు.

"నీకు సూదంటే బయం! అందుకే మమ్మల్ని ముందుకి తోస్తన్నావు."

వరండాలో కొందరు నవ్వారు. ముసలాయనా నవ్వబోయాడు. పంటి సలుపుకి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"అవునమ్మా. బయమే," అన్నాడు.

డాలీ రత్నని లోపలికి నడిపించింది. అక్కడ పళ్ల డాక్టర్ ఫణీంద్ర చీము తీసేసి, ఇంజెక్షన్ ఇచ్చి, రత్న కాస్త తేరుకునేదాకా కదలనివ్వలేదు.

"ఇంకొంచెం ఆలస్యమైతే వాపు గొంతులోకి దిగి ఊపిరాడేది కాదు," అన్నాడు.

అప్పలనర్సమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "మరి పన్ను బాబూ?"

"వాపు తగ్గనివ్వండి. వచ్చే వారం ఇదే కుర్చీలో తీసేస్తాను. ఆ చోటుకి మత్తు సూది చాలు. నిద్రపుచ్చక్కర్లేదు."

"మిగతా పళ్లు?"

"బాధ పెట్టనప్పుడు వాటి జోలికెందుకు? అప్పుడప్పుడు చూసుకుంటే చాలు."

"ఎంతవుతాది?"

"ఏమీ అవ్వదు. ఇది మీ ఆసుపత్రే కదమ్మా."

'మీ' అన్న మాటకి ఆమె నడుం నిటారుగా అయింది.

బయటకొచ్చేసరికి ముసలాయన వరసలో అందరికన్నా చివర, దవడ పట్టుకుని గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఒక మంచిమాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అభిమానం అడ్డొచ్చి, పలకరించకుండానే జీపెక్కేసింది.

మరుసటి వారం రత్న పన్ను తేలిగ్గానే వచ్చేసింది. నోట్లో దూదితోనే నవ్వింది ఆ పిల్ల.

అప్పలనర్సమ్మ బాగా మగ్గిన అరటిపళ్లు బుట్ట నిండా తెచ్చింది. పన్ను పీకించుకున్న ముసలోడు మెత్తగా తినగలడని.

"డాలమ్మా, సూదికి బయపడే ఆ తాత ఎక్కడుంటాడు?"

డాలీ ఆమెను వింతగా చూసింది.

"ఇప్పుడు దొరకడమ్మా. ముంచింగిపుట్టు వైపు ఎల్లిపోయాడు. అక్కడి ఆసుపత్రికీ ఇలాంటి కుర్చీ అడగాలంట."

"అడగడానికి ఆయనెవరు?"

డాలీ ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పింది.

"ఆయన కూతురు గాయత్రికీ ఇలాగే పన్ను వాచి, పట్నం చేరేలోగానే ఊపిరాగిపోయింది. అప్పట్నుంచీ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎవరు తరిమినా మళ్లీ ఎల్లి, ఈ కుర్చీని మన కొండెక్కించింది ఆ తాతే."