గోరింకలు ఖాళీ చేసిన తొర్ర

నా తొర్రంత గుండ్రటి తొర్ర ఈ అడవిలో మరొకటి లేదు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, వడ్రంగిపిట్టగా నిజం చెప్పడం నా బాధ్యత. దాన్ని మూడు రోజులకని ఒక గోరింకల జంటకిచ్చాను. అయిదో రోజుకీ కదల్లేదు. నేలంతా వేపగింజలు, గోడలంతా రెట్టలు. సాయంత్రం గుడ్లు పెట్టుకోడానికి రామచిలుక వస్తోంది.

"కాస్త శుభ్రం చేసి బయల్దేరతారా?" అన్నాను.

"చుట్టాల చేత ఊడ్పిస్తావా, బాబాయ్?" అంటూ ఆడగోరింక ఇంకో గింజ ఉమ్మింది.

నేను తొర్ర పక్కనే టకటకా పొడవడం మొదలుపెట్టాను.

"ఏంటా మోత?"

"మీ కోసమేనమ్మా, కిటికీ పెడుతున్నా. నాలుగు రోజుల పని."

గంటలో ఖాళీ చేసేశాయి. చిలుక వచ్చేలోపు తొర్ర శుభ్రం చేసేశాను. కానీ అవి ఎగిరిపోతుంటే నా నోరు ఊరుకోక "మళ్ళీ రండి!" అనేసింది. వచ్చే నెల వస్తామన్నాయి.

ఆ మాట అనకుండా ఎవరినైనా సాగనంపడం నాకింకా చేతకాలేదు.