చెప్పుల వరస

మొదటి బస్సు పట్టుకుంటే క్యూలో ముందుండొచ్చని టైలరమ్మ లెక్క. కుట్టుమిషను తొక్కుతూ చదివిన డిగ్రీ. ఇవాళ సర్టిఫికెట్ అందకపోతే చేతికొచ్చిన ఉద్యోగం కాస్తా జారిపోతుంది.

“యూనివర్సిటీ ఆఫీసు దగ్గర ఈ వేళప్పుడు ఎవరూ దిగరమ్మా,” అన్నాడు కండక్టర్ టికెట్టు చింపుతూ.

“నాక్కావాల్సిందీ అదేగా అన్నా!” అని నవ్విందామె.

దిగేసరికి ఇంకా చీకటే, పైగా కొరికే చలి. మూసి ఉన్న కౌంటరు ముందు ఎనిమిది జతల చెప్పులు వరసగా ఉన్నాయి. నరమానవుడు లేడు. క్యూలో చెప్పులు పెట్టి ఎక్కడో కునుకు తీస్తున్నారు కాబోలనుకుంది. పిన్నీసు పెట్టిన తన చెప్పులనూ ఆ వెనకే విడిచి, మెట్టు మీద కూర్చుంది.

కౌంటరు తలుపు కిర్రుమంది. తలెత్తి చూస్తే అది మూసే ఉంది. తన చెప్పుల ముందు మాత్రం ఏడు జతలే ఉన్నాయి.

మళ్లీ కిర్రుమంది. ఆరు.

నిద్రమత్తేమోనని కళ్లు నులుముకుంది. తెరిచేసరికి కౌంటరును ఆనుకుని ఒక్క జతే మిగిలింది. దాని పిన్నీసు మెరుస్తోంది.

“బతికుంటే బలుసాకు తినొచ్చు,” అని గొణుక్కుంటూ, ఒక్క అంగలో వెళ్లి చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

అంత చలిలోనూ అవి, ఎవరో ఇప్పుడే విడిచినట్టు, వెచ్చగా ఉన్నాయి.