ముందు సీటు

దేవుడు ముందు సీటు కొందరికే ఎందుకు రాస్తాడన్నది చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానం. దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా అడుగుతూనే ఉంది. ఇవాళ ఇక అడగదలచుకోలేదు.

"ఎక్కు అన్నయ్యా," అంది, రెండు సీట్ల సైకిలును గట్టిగా పట్టుకుని. "ముందు."

ఫోనులో కూతురు అరుస్తూనే ఉంది. "మామయ్యని ముందు కూర్చోబెడతావా? డెబ్బై ఏళ్లొచ్చాయి, ఇద్దరికీ మతి గానీ పోయిందా?"

"విరిగితే మా ఎముకలేగా!" అన్నాడు అన్నయ్య. చెల్లెలు ఫోను పెట్టేసింది.

"ఆ భుజాన సంచెందుకు? కారులో పెట్టరాదూ?" అంది అన్నయ్యతో.

"వంతెన దగ్గర దాంతో పనుంది."

చిన్నప్పుడు ఆమె సైకిలు నేర్చుకుంటుంటే, సీటు పట్టుకుని వెనకాలే పరుగెత్తింది అన్నయ్యే. ఆమెకన్నా ఆయన మోకాళ్లే ఎక్కువ చీరుకుపోయాయి. "తర్వాత నీ వంతు" అందామె. ఆ వంతు ఇంట్లోవాళ్లు రానివ్వలేదు. ఈ నది బాటకు ఎన్నిసార్లొచ్చినా ఆయనకు వెనక సీటే. ఈసారి వంతెన దాకా కాలు కింద పెట్టకుండా తనే నడపాలని పంతం పట్టాడు.

లోయలో బాట నదిని ఒరుసుకుంటూ సాగింది.

"ఎడమకి!" వెనక సీటు నుంచి చెల్లెలు అరుస్తోంది. "ఇంకొంచెం. ఆఁ, తిన్నగా పోనీ. ఎదురుగా ఎవరో కుక్కతో నడుస్తున్నారు, గంట కొట్టు!"

గంట మోగింది. దాటిపోతున్న సైకిలు జంట నవ్వింది. "తాతగారూ, వెనక ఇంజను బాగా మోగుతోంది!"

"ఇంజను నేనే. అది హారను!"

బాట కాపలాదారు తన సైకిలు మీద పక్కకొచ్చాడు. "ఏంటమ్మా ఆ సతాయింపు? మీరు కాసేపు నోరు మూసుకుంటే ఆయనే చక్కగా తీసుకెళ్తాడు."

"నేను నోరు మూస్తే ఇద్దరం నదిలో తేలతాం నాయనా."

"ఇలా వంకర్లు తిరిగితే దింపేస్తాను. కొండలు చూస్తూ నెమ్మదిగా వెళ్లండి."

"కొండలు ఆవిడ చూస్తుందిలే. దింపు చూద్దాం!" అన్నయ్య ఇంకా గట్టిగా తొక్కాడు.

కాసేపటికి తల పక్కకు వంచాడు. "నది హోరు పెరిగింది. వంతెనేనా?"

"వంతెనే. బ్రేకు!"

అప్పుడు తాకింది ఆయన కాలు నేలను. చెల్లెలు కళ్లొత్తుకుంది. "నీ వంతు బాకీ తీరింది అన్నయ్యా."

"మరి వడ్డీ? తిరిగెళ్లేప్పుడూ నేనే ముందు."

వెంటే వచ్చిన కాపలాదారు తల ఆడించాడు. "ఇంత బాగా నడిపే మనిషిని ఇన్నాళ్లూ వెనక కూర్చోబెట్టావా తల్లీ!"

అన్నయ్య సంచిలోంచి తెల్లకర్ర తీసి నేల తడిమాడు.